రిపోర్టులన్నీ నార్మల్, ఫిట్స్ మాత్రం ఆగడం లేదు

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయనకు 34 ఏండ్లు, పత్తి జిన్నింగు మిల్లులో మిషను మీద పని. మూడేండ్ల నుంచి నెలకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి పని ఆపేసి ఎటో చూస్తా నిలబడిపోతాడు. ఏదో నములుతున్నట్టు నోరు ఆడిస్తాడు. కుడి చేత్తో చొక్కా గుండీలు తడుముతా ఉంటాడు, ఎడమ చెయ్యి వంకర తిరిగి బిగుసుకుపోతుంది. పిలిస్తే పలకడు. ఒకటి ఒకటిన్నర నిమిషంలో ఆగిపోతుంది గానీ పది నిమిషాల దాకా మనిషి మనిషిలో ఉండడు, ఏం జరిగిందో గుర్తుండదు. వచ్చే ముందు కడుపులోంచి ఏదో గొంతు దాకా ఎగదన్నుకొచ్చినట్టు, ఊరికే భయమేసినట్టు ఉంటుందంటాడు. ఒక్కోసారి ఆ భయం వరకే వచ్చి పోతుంది. పోయిన ఏడాది రెండుసార్లు నిద్రలో ఒళ్లంతా కొట్టుకుని నాలుక కరుచుకున్నాడు. రెండేండ్ల పిల్లోడుగా ఉన్నప్పుడు జ్వరంలో చాలాసేపు ఫిట్స్ వచ్చినాయని మా అత్తమ్మ చెబుతుంది. సీటీ, ఈఈజీ తీశారు, రెండూ నార్మల్. ఒక డాక్టరు ఎప్టాయిన్ రాత్రికి 300 ఇచ్చారు. ఆరు నెలలు వాడి, తగ్గలేదని మానేశాడు. ఇంకొకరు లెవిపిల్ 500 పొద్దున, రాత్రి రాశారు. దాంతో కోపం ఎక్కువైంది, ఒకరోజు వేసుకుంటే ఒకరోజు మానేస్తాడు. మరో డాక్టరు ఇది మనసుకు సంబంధించింది అన్నారు. ఇంట్లో పెద్దోళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇవి నిజంగా ఫిట్సేనా? అయితే రిపోర్టుల్లో ఎందుకు కనబడలేదు? ఆపరేషను ఉందంటున్నారు, చేయించొచ్చా? మా పాపకు కూడా వస్తాయేమోనని భయం.
– ఒక సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, రోగ నిర్ధారణలో సగం పని మీ ఉత్తరమే చేసింది. మీరు రాసినదాన్ని బట్టి ఇవి ఫిట్సే. అందులోనూ కణత వెనక ఉండే మెదడు భాగంలో, అంటే టెంపోరల్ లోబ్‌లో పుట్టే రకం అయి ఉండాలి. పెద్దవాళ్లలో మెదడులో ఒకచోట మొదలయ్యే మూర్ఛల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అని జనం అనుకుంటారు కాబట్టి, ఈ రకం ఏళ్ల తరబడి ఫిట్స్ లెక్కలోకే రాదు.

మీరు చెప్పిన ఒక్కో గుర్తుకూ అర్థముంది. కడుపులోంచి పైకి ఎగదన్నడం, కారణం లేని భయం, ఇదంతా ఇంతకుముందు జరిగిందే అనిపించడం, కొందరికి కాలిన వాసన రావడం, ఇవన్నీ ఫిట్ మొదలైందని చెప్పేవే. ‘ఆ భయం వరకే వచ్చి పోతుంది’ అన్నారు చూడండి, అది ఫిట్‌కు ముందొచ్చే హెచ్చరిక మాత్రమే కాదు, అది కూడా చిన్న ఫిట్టే. డాక్టరుకు లెక్క చెప్పేటప్పుడు వాటినీ కలపండి. ఫిట్ అంటే మెదడులో అదుపు తప్పి పుట్టే కరెంటే. ఆ కరెంటు ఇంకొంచెం పాకితే తెలివి తప్పుతుంది, నోరు నమలడం, చెయ్యి తడమడం మొదలవుతాయి. రెండు పక్కలకూ పాకితే ఒళ్లంతా కొట్టుకుంటుంది. నిద్రలో వచ్చిన ఆ రెండూ అలాంటివే. అంటే మీ ఆయనకున్నవి మూడు జబ్బులు కావు, ఒకే జబ్బు మూడు దశల్లో ఆగుతోంది.

చేతుల సంగతి ఇంకా ముఖ్యం. తడుముకునే చెయ్యి సాధారణంగా ఫిట్ పుట్టిన పక్కదే అయి ఉంటుంది, వంకర తిరిగి బిగుసుకునే చెయ్యి దానికి ఎదుటి పక్కది. కుడి చెయ్యి తడిమి ఎడమ చెయ్యి బిగుసుకుంటోందంటే కుడి టెంపోరల్ లోబ్‌ను అనుమానించాలి. ఇది ఉత్తరం చదివి వేసిన అంచనా, తేల్చాల్సింది పరీక్షలే. కానీ డాక్టరు ముందు ‘చేతులు ఆడిస్తాడు’ అని తేల్చేయకుండా ఏ చెయ్యి ఏం చేస్తుందో విడివిడిగా చెప్పండి.

చిన్ననాటి జ్వరం ఫిట్స్‌కూ దీనికీ సంబంధం ఉండొచ్చు. జ్వరంలో వచ్చే మామూలు ఫిట్ ఐదు నిమిషాల్లోపే ఆగిపోతుంది, దాంతో ఏ నష్టమూ ఉండదు. అరగంట, గంట సాగినవాళ్లలో కొందరికి టెంపోరల్ లోబ్ లోపల ఉండే హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిని మచ్చ కట్టి కుంచించుకుపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. యుక్తవయసులోనో, ముప్పైల్లోనో ఇలా బయటపడుతుంది. మీ అత్తమ్మను కూర్చోబెట్టి అడగండి: ఎంతసేపు వచ్చాయి, ఆస్పత్రికి చేరేదాకా ఆగలేదా, ఆ తర్వాత ఒక చెయ్యో కాలో కొన్నాళ్లు పడిపోయిందా?

‘మనసుకు సంబంధించింది’ అన్న డాక్టరు మాట పూర్తిగా గాలిమాట కాదు. అచ్చం ఫిట్స్‌లాగే కనిపించే మానసిక కారణాల దాడులూ ఉన్నాయి. వాటిలో కళ్లు గట్టిగా మూసుకుని ఉంటారు, తల అటూ ఇటూ తిప్పుతారు, పది ఇరవై నిమిషాలు హెచ్చుతూ తగ్గుతూ సాగుతుంది. మీ ఆయన కళ్లు తెరిచే ఉంటాయి, ప్రతిసారీ ఒకే వరసలో వస్తుంది, రెండు నిమిషాల్లోపు ఆగుతుంది, నిద్రలో కూడా వచ్చింది. ఈ నాలుగూ ఫిట్స్ వైపే చూపిస్తున్నాయి. ప్యానిక్ అయితే తెలివి తప్పదు, ఇంత తొందరగా పోదు కూడా. షుగరు మాత్రలు వాడేవాళ్లకైతే ఆ సమయంలో గ్లూకోజ్ పడిపోయిందేమో వేలు గుచ్చి చూడాలి, మీ ఆయనకు షుగరు ఉందని మీరు రాయలేదు.

గాలి సోకిందన్న పెద్దల మాటకూ ఒక మూలం ఉంటుంది. ఈ జబ్బులో కొందరికి ఫిట్స్ వరసగా వచ్చాక, ఒకట్రెండు రోజులు బాగానే ఉండి, తర్వాత ఉన్నట్టుండి లేనివి కనిపించడం, వినిపించడం, దేవుడి మాటలు మాట్లాడటం, అనుమానాలు మొదలవుతాయి. కొన్ని రోజులుండి తగ్గుతుంది. దానికీ మందుంది. అలా ఎప్పుడైనా జరిగిందా అన్నది డాక్టరుకు చెప్పాలి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాంతో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఫిట్స్‌కని అమ్మే పేరులేని పొడులతోనే. అలాంటి కొన్నింటిలో ఫినోబార్బిటోన్ కలిపి అమ్మిన ఉదంతాలు బయటపడ్డాయి. ఎంత మోతాదు వేస్తున్నామో తెలియదు, పొడి అయిపోయి హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వస్తాయి.

ఇక రిపోర్టుల సంగతి. రెండూ నార్మల్ రావడంలో వింతేమీ లేదు. తల మీద బిళ్లలు పెట్టి మెదడులోని కరెంటును గీతలుగా చూసే పరీక్ష ఈఈజీ. దాన్ని తీసేది ఇరవై ముప్పై నిమిషాలు. ఆ కాసేపట్లో ఫిట్ రాదు, ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య వచ్చే చిన్న చిన్న మెరుపుల్ని పట్టుకోవాలి. ఫిట్స్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి ఈఈజీ మామూలుగానే వస్తుంది. అందులోనూ హిప్పోకాంపస్ మెదడు లోపలి అంచున ఉంటుంది కాబట్టి అక్కడి కరెంటు తల మీద పెట్టిన బిళ్లల దాకా సరిగా అందదు. రెండోసారి తీసేటప్పుడు మూడు పనులు జరిగితే దొరికే అవకాశం పెరుగుతుంది: ముందురోజు నిద్ర తగ్గించాలి, రికార్డింగులో కాసేపైనా నిద్రపోవాలి, కణతల దగ్గర కింద అదనపు బిళ్లలు పెట్టాలి. మూడోదాన్ని చీటీలో రాయమని డాక్టరును మీరే అడగండి. రాయకపోతే టెక్నీషియన్ మామూలుగానే కానిచ్చేస్తాడు.

నిద్ర తగ్గించడమంటే రాత్రి పన్నెండు, ఒంటిగంట దాకా మేలుకుని నాలుగైదింటికి లేవడం. కాఫీ, టీ తాగకూడదు. తలంటు పోసుకుని నూనె రాయకుండా వెళ్లాలి, నూనె తల మీద బిళ్లలు సరిగా అంటవు. అన్నం తినే వెళ్లాలి. మాత్రలు మానకూడదు. మానితే ఈఈజీలో బాగా కనిపిస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, మానడమన్నది ఆస్పత్రిలో అడ్మిట్ అయినప్పుడు మాత్రమే చేసే పని. నిద్రలేని రోజు ఫిట్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి తోడు లేకుండా పంపొద్దు, బండి మీద అసలే వద్దు.

సీటీ గురించి ఒక్క మాట: అది దండగ కాలేదు. మన దేశంలో పెద్దవాళ్లకు ఫిట్స్ రావడానికి టేప్‌వార్మ్ గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే గడ్డలు ఒక పెద్ద కారణం. అవి ఎండి సున్నంలా గట్టిపడిన మచ్చలు సీటీలో బాగా కనిపిస్తాయి. మీ ఆయనకు లేవంటే ఆ అనుమానం చాలావరకు తగ్గింది. కానీ హిప్పోకాంపస్ మచ్చ సీటీకి దాదాపుగా అందదు. దానికి ఎంఆర్ఐ కావాలి, అదీ మామూలు ‘బ్రెయిన్ ఎంఆర్ఐ’ కాదు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మామూలు ఎంఆర్ఐలో మెదడును ఐదు మిల్లీమీటర్ల మందంతో ముక్కలుగా చూపిస్తారు, అదీ హిప్పోకాంపస్ ఉన్న దిశతో సంబంధం లేకుండా. అది పొడుగ్గా, ముందు నుంచి వెనక్కి వాలుగా ఉంటుంది. వంకాయను అడ్డంగా కోస్తేనే పుచ్చు బయటపడినట్టు, దాని పొడవుకు అడ్డంగా పలచగా కోతలు తీస్తేనే మచ్చ తెలుస్తుంది. అందుకని చీటీ మీద ఇలా రాయించుకోండి: మూర్ఛ ప్రోటోకాల్, అనుమానం కుడి టెంపోరల్ లోబ్, ఒక మిల్లీమీటరు మందంతో త్రీడీ టీ1, త్రీడీ ఫ్లెయిర్, హిప్పోకాంపస్‌కు అడ్డంగా కరోనల్ టీ2, దాంతోపాటు ఎస్‌డబ్ల్యూఐ. ఇవన్నీ ఎంఆర్ఐ బొమ్మల రకాల పేర్లు, స్కాన్ తీసేవాళ్లకు అర్థమవుతాయి. టెస్లా అంటే మిషనులోని అయస్కాంతం బలం, 3 టెస్లా మిషను ఉంటే మేలు. లేకపోతే 1.5 టెస్లా మీదే ఈ పద్ధతిలో తీసినా, 3 టెస్లా మీద తీసిన మామూలు స్కాన్ కంటే ఎక్కువ చెబుతుంది. కాంట్రాస్టు సూది మొదటిసారి చాలావరకు అవసరం పడదు. అనుమానం ఏ పక్కన అన్నది చీటీలో లేకపోతే రేడియాలజిస్టు కన్ను అక్కడ ఆగదు. కుడి హిప్పోకాంపస్ ఎడమదాని కంటే చిన్నదైపోయి, ఫ్లెయిర్‌లో తెల్లగా మెరుస్తూ, లోపలి గీతలు చెరిగిపోయి ఉంటే మచ్చ ఉన్నట్టే. అక్కడ చిన్న గడ్డో, రక్తనాళాల చిక్కో ఉన్నా ఇందులోనే తేలుతుంది. ఫిల్ములతో సరిపెట్టుకోకండి, సీడీ అడిగి తీసుకోండి. రేపు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఎపిలెప్సీ డాక్టరు చూసేది ఆ సీడీనే, పక్కన పెట్టిన రిపోర్టు కాగితాన్ని కాదు.

వీటన్నిటి కంటే ముందు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మీ చేతిలో ఉన్న పరీక్ష ఇంకొకటి ఉంది. ఫోను వీడియో. నెలకు రెండు మూడు వస్తున్నాయంటే ఒక్కదాన్నైనా పట్టుకోవచ్చు. లైటు వేయండి, దుప్పటి తీసేయండి, మొహం, రెండు చేతులూ కనిపించేలా కొంచెం దూరం నుంచి తీయండి. ఫిట్ ఆగగానే ఫోను పక్కన పెట్టకండి, మళ్లీ మామూలు మనిషి అయ్యేదాకా తీయండి. మధ్యలో పేరు పెట్టి పిలవండి, ‘చెయ్యి పైకెత్తు’ అనండి, ‘వేరుశెనక్కాయ’ అని ఒక మాట చెప్పండి. తేరుకున్నాక ఆ మాట గుర్తుందా అని అడగండి, చేతిలో వస్తువు చూపించి దాని పేరు చెప్పమనండి. మాట ఎంతసేపటికి తిరిగి వచ్చిందో కూడా ఒక గుర్తే. ఫిట్ ఎడమ పక్కదైతే మాట రావడం ఆలస్యమవుతుంది. ఇక్కడ వెంటనే మాట్లాడగలిగితే కుడి అన్న అనుమానం బలపడుతుంది.

మందుల దగ్గరికి వద్దాం. ఇప్పటిదాకా రెండు మందులు పనిచేయలేదని మీరనుకుంటున్నారు. మా లెక్కలో పనిచేయనిది మహా అయితే ఒకటే. ఎప్టాయిన్ 300 రోజూ ఆరు నెలలు సరిగ్గా వేసుకుని ఉంటే దాన్ని ఒకటిగా లెక్కపెట్టొచ్చు. లెవిపిల్‌ను లెక్కలోకి తీసుకోలేం. 500 చొప్పున రెండు పూటలంటే అది మొదలుపెట్టే మోతాదు మాత్రమే, అవసరాన్ని బట్టి రోజుకు 3000 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది, పైగా రోజు మార్చి రోజు వేసుకున్నాడు. అయితే ఆ కోపం ఆయన స్వభావం కాదు, ఆ మందుకు బాగా తెలిసిన చెడు ప్రభావం. కొట్టే దాకా వెళ్లినా, చావు మాటలు మాట్లాడినా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. కానీ మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి. ఒకదాన్ని మెల్లగా తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచాలి.

ఈ రకం ఫిట్స్‌కు ఇంకా వాడని మంచి మందులు కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, లాకోసమైడ్. ఖర్చు చూసుకుంటే మన ప్రాంతంలో ఎక్కువగా మొదలుపెట్టేది కార్బమజెపిన్, టెగ్రిటాల్ పేరుతో మీకు తెలిసే ఉంటుంది. సాధారణ వరస ఇలా ఉంటుంది: సీఆర్ (మెల్లగా మందు వదిలే) మాత్ర 200 రాత్రి ఒకటి, వారం తర్వాత పొద్దున 200 రాత్రి 200, అక్కడి నుంచి వారానికో 200 చొప్పున, ఆగినచోట ఆగుతూ 800 దాకా. అవసరమై, తట్టుకోగలిగితే 1200. సీఆర్ మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. మొదటి వారాల్లో మత్తు, తూలడం ఉంటాయి, అందుకే మెల్లగా పెంచేది. ఒకటి రెండుగా కనిపిస్తే మోతాదు ఎక్కువైనట్టు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఈ మందు లివరును ఉత్తేజపరిచి తనను తానే తొందరగా ఖర్చు చేయించుకుంటుంది. మొదట ఆగిన ఫిట్స్ నాలుగైదు వారాలకు మళ్లీ కనిపిస్తే అది మందు ఓడిపోవడం కాదు, రక్తంలో దాని మట్టం పడిపోవడం. మోతాదు పెంచాలి.

కార్బమజెపిన్‌లో భయపడాల్సింది చర్మం గురించి. మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దు, దాంతోపాటు జ్వరం, నోట్లో, కళ్లలో పుండ్లు వస్తే ఆ రోజే మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. మిగతా ఏ సందర్భంలోనూ మీరే ఆపకూడదు గానీ ఇక్కడ మాత్రం ఆపాలి. హెచ్‌ఎల్‌ఏ-బీ 1502 అనే జన్యువు ఉన్న ఆసియా వాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ, వీలుంటే మొదలుపెట్టే ముందే ఆ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. మొదలుపెట్టేటప్పుడు రక్తకణాలు, లివరు, సోడియం పరీక్షలు, నెల రోజులకు మళ్లీ సోడియం. లామోట్రిజిన్‌లోనూ దద్దు వస్తుంది, అందుకే దాన్ని 25 మిల్లీగ్రాములతో రెండు వారాలు, 50తో రెండు వారాలు అంటూ నత్తనడకన పెంచుతారు. తొందరపడి పెంచిన చోటే ప్రమాదాలు జరుగుతాయి. లాకోసమైడ్ అయితే ముందు ఈసీజీ చూడాలి.

పక్క మందుల సంగతి ఒకటి చెప్పి ఇది ముగిస్తాను. ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర ట్రమడాల్ సూది వేయించుకుంటే ఫిట్స్ రావొచ్చు. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలూ అంతే. కార్బమజెపిన్ మీద ఉన్నప్పుడు క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు వేస్తే రెండు మూడు రోజుల్లో తల తిరిగి పడిపోతాడు, మందు రక్తంలో పేరుకుపోతుంది. మందుల షాపులో కూడా ‘ఫిట్స్ మాత్రలు వాడుతున్నాడు’ అని ముందే చెప్పాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, మరుసటి పూట దగ్గర పడితే వదిలేయాలి, రెండూ కలిపి వేయకూడదు.

ఎన్నాళ్లు చూడాలి? మీ ఆయనకు నెలకు రెండు మూడు వస్తున్నాయి కాబట్టి, సరైన మోతాదు చేరాక రెండు మూడు నెలల్లో మందు పని చేస్తోందో లేదో తెలిసిపోతుంది. మేం గట్టిగా చెప్పాలనుకుంటున్న మాట ఇది: రెండు సరైన మందులు, సరైన మోతాదులో, క్రమంగా వేసుకున్నా ఫిట్స్ ఆగకపోతే మూడో మందు కోసం ఏళ్లు గడపకూడదు. మందులకు లొంగని మూర్ఛ అంటే ఏమిటో అంతర్జాతీయ మూర్ఛ సంఘం 2010లో చెప్పిన నిర్వచనం అదే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 470 మంది కొత్త రోగుల మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి మందుకే 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. రెండో మందుకు ఇంకో 13 శాతం. మూడో మందు ఒక్కదానితో ఆగింది 1 శాతానికి మాత్రమే. హిప్పోకాంపస్ మచ్చ ఉన్నవాళ్ల పరిస్థితి సాధారణంగా ఇంతకంటే బాగుండదు. మన దగ్గర ఈ చోటే ఊరూరూ డాక్టర్లను మారుస్తూ, వచ్చిన ప్రతి డాక్టరూ ఒక మాత్ర చేరుస్తూ పదిహేనేళ్లు గడిచిపోతాయి.

ఆపరేషన్ చేయించొచ్చా అని అడిగారు. మందులు ఓడాక, ఎంఆర్ఐలో ఒక పక్క హిప్పోకాంపస్ మచ్చ ఉండి, ఫిట్స్ అక్కడి నుంచే వస్తున్నాయని తేలితే చేయించొచ్చు, ఆలస్యం చేయకూడదు కూడా. కెనడాలో 80 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు: ఆపరేషన్ గుంపులో ఏడాది పాటు తెలివి తప్పే ఫిట్స్ లేనివారు 58 శాతం, మందుల గుంపులో 8 శాతం. ఈ ఆపరేషన్ మన దేశంలో కొత్తదేమీ కాదు, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి పద్ధతిగా జరుగుతోంది. మీకు దగ్గర బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాదు నిమ్స్.

అక్కడికి వెళ్లగానే ఆపరేషన్ చేయరు. కొన్ని రోజులు అడ్మిట్ చేసుకుని, మాత్రలు తగ్గించి, రాత్రింబగళ్లు కెమెరా ముందు ఈఈజీ తీస్తూ మూడు నాలుగు ఫిట్స్ రికార్డు చేస్తారు. ఫిట్స్ రావాలని ఆస్పత్రిలో చేర్చడమేమిటని బంధువులు గొడవ పడతారు, ముందే చెప్పి ఉంచండి. జ్ఞాపకశక్తి పరీక్షలు గంటల తరబడి ఉంటాయి. తెలుగులో చేయగలరా అని అడగండి, రాని భాషలో చేస్తే మార్కులు తప్పుగా వస్తాయి. ఎంఆర్ఐ, వీడియో ఈఈజీ, జ్ఞాపకశక్తి పరీక్ష మూడూ ఒకే పక్కను చూపిస్తే దారి సులువు. పొంతన లేకపోతే పెట్ స్కాన్, ఇంకా ముందుకెళ్తే మెదడులోకి సన్నని తీగలు పంపి చూడటం ఉంటాయి. అందరూ ఆపరేషన్‌కు పనికిరారు. పనికిరారని తేలడం కూడా ఉపయోగమే.

ఆపరేషన్‌లో టెంపోరల్ లోబ్ ముందు భాగాన్ని, దాంతో హిప్పోకాంపస్‌ను తీసేస్తారు. ప్రాణాపాయం నూటికి ఒకటి కంటే తక్కువ. ఎదుటి పక్క పైమూలలో చూపు కొంత తగ్గడం చాలామందిలో ఉంటుంది, ఎక్కువమంది అది గమనించరు కూడా. మాటలు, పేర్లు గుర్తుంచుకునే శక్తి తగ్గడం ప్రధానంగా ఎడమ పక్క ఆపరేషన్‌లో భయం. కుడిచేతివాటం ఉన్న మనిషికి కుడి పక్కదైతే ఆ ముప్పు తక్కువ. ఆపరేషన్ అయిన మర్నాడే మాత్రలు పోవు, ఒకట్రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక మెల్లగా తగ్గిస్తారు. ఖర్చు విషయంలో కార్డు ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంటే ఆ ఆస్పత్రికి, ఆ చికిత్సకు వర్తిస్తుందో లేదో అడ్మిట్ కాకముందే కౌంటర్లో రాతపూర్వకంగా తేల్చుకోండి.

మిల్లు పని గురించి మీరు అడగలేదు గానీ ఈ ఉత్తరంలో మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టింది అదే. తిరిగే రోలర్లు, బెల్టుల దగ్గర చెయ్యి తడుముతూ తెలివి లేకుండా నిలబడే మనిషి ఉండకూడదు. ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా తూకం దగ్గరో, బేళ్ల లెక్క దగ్గరో, గేటు దగ్గరో పని మార్పించండి. సీజనులో నైట్ డ్యూటీ ఇవ్వొద్దని డాక్టరు చేత చీటీ రాయించండి, నిద్ర తప్పితే ఏ మందూ నిలబడదు. మద్యం కూడా అంతే, తాగిన రాత్రి కంటే మరుసటి రోజు ప్రమాదం ఎక్కువ. మోటారు సైకిలు వద్దు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది, అబద్ధం రాసి బండి నడిపితే ప్రమాదంలో అదే మెడకు చుట్టుకుంటుంది. బావి గట్టు, మిద్దె పిట్టగోడ, కట్టెల పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండనివ్వకండి. స్నానానికి వెళ్తే గడియ పెట్టకూడదు, తొట్టిలో దిగకుండా చెంబుతో పోసుకోవాలి. రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. నిద్రలో ఒళ్లు కొట్టుకునే ఫిట్స్ అదుపు లేకుండా ఉన్నవాళ్లలో నిద్రలోనే హఠాత్తుగా చనిపోవడం అరుదుగా జరుగుతుంది, మాత్రలు తప్పకుండా వేసుకోమని వెంటపడటానికి అసలు కారణం ఇదే.

నిలబడిపోయే ఫిట్ వచ్చినప్పుడు పట్టి బంధించకండి, పెనుగులాడతాడు, అది కోపం కాదు. భుజం మీద చెయ్యి వేసి మిషను నుంచి, రోడ్డు నుంచి మెల్లగా పక్కకు నడిపించండి చాలు. ఒళ్లు కొట్టుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, చెప్పు ఏమీ వద్దు. తెలివి వచ్చేదాకా నీళ్లు పోయకండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా 108కు ఫోను చేయండి. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలా, ఎన్ని పఫ్‌లు కొట్టాలి అన్నది డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.

మీ పాప గురించి: హిప్పోకాంపస్ మచ్చ వల్ల వచ్చే ఫిట్స్ మామూలుగా వంశపారంపర్యం కాదు, ముందుజాగ్రత్తగా పాపకు ఏ స్కానూ అక్కర్లేదు. జ్వరంలో ఫిట్ వస్తే ఐదు నిమిషాలు దాటకముందే ఆస్పత్రికి తీసుకెళ్లండి, అది అందరు పిల్లలకూ చెప్పే మాటే.

కర్నూలు పెద్దాసుపత్రి న్యూరాలజీ ఓపీకి వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ తేదీల వరసలో పెట్టండి, ఏ మందు ఏ మోతాదులో ఎన్నాళ్లు వాడాడో, ఎందుకు మానాడో ఒక కాగితం మీద మీరే రాయండి. గత మూడు నెలల్లో వచ్చిన ఫిట్స్, ఆ భయం మాత్రమే వచ్చి పోయినవి కూడా, తేదీ, సమయం, ముందురాత్రి నిద్ర, మాత్ర తప్పిందా అన్న వివరాలతో రాసుకోండి. ఆయన మనసు బాగోలేదా, నిద్ర పట్టడం లేదా, మతిమరుపు పెరిగిందా అన్నదీ చెప్పండి, ఈ జబ్బుతో దిగులు రావడం మామూలే, దాన్నీ తగ్గించొచ్చు. ఫిట్ చూసినవాళ్లు మీరే కాబట్టి ఆయన్ను ఒక్కడినే పంపకండి, ఆయనకు ఆ నిమిషాల గురించి ఏమీ తెలియదు. ఓపీ రోజు పొద్దున వేసుకోవాల్సిన మాత్ర ఇంటి దగ్గరే వేయించి బస్సెక్కించండి.